1/12 గోరో: కొండంత బొమ్మ, గోరంత చీలమండ. ఉంచుకోవాలా, వెనక్కి పంపాలా?

#1 అల్మారా_అధిపతి
మోర్టల్ కాంబాట్ వీడియో గేమ్ విలన్ గోరో, 1/12 స్కేల్ (అసలు ఎత్తులో పన్నెండో వంతు), నాలుగు చేతుల పెద్ద ఫిగర్. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఆ గొడవ మొదలైతే అసలు ప్రశ్న మూలన పడుతుంది.

కొలతలు: అరికాలి నుంచి నడినెత్తి దాకా 20.5 సెం.మీ. (సిగ కలపలేదు). వంటింటి కాటా మీద 540 గ్రా. పై భుజాలు, తుంటి, మోకాళ్లు రాచెట్ (పళ్ల మీద టక్కుటక్కుమని ఆగే కీలు). కింది భుజాలు మామూలు బంతి కీళ్లు, చీలమండలు కూడా అంతే. తలలు రెండు, మణికట్టు దగ్గర మార్చి తగిలించే విడి చేతులు ఐదు జతలు.

ఫిర్యాదులు: 12 రోజులు నిలబెడితే మొత్తం బొమ్మ ఎడమ వైపుకి, కాస్త ముందుకి ఒరిగింది. కింది కుడి చెయ్యి చాచి ఉంచితే పొద్దునకల్లా వాలిపోతోంది. పై కుడి చేతి కండ దగ్గర తిరిగే కీలు అసలు కదలడం లేదు. మణికట్టు పట్టీల బంగారు రంగు ఒక చోట చర్మం మీదకి పాకింది.

వెనక్కి పంపడానికి ఇంకా 6 రోజుల గడువుంది. ఇవి ఇంత పెద్ద ఫిగర్‌కి మామూలేనా, లేక ఈ ఒక్క పీసు చెడ్డదా? తేల్చేదెలా?

#2 పాతపిక్సెల్
500 ఏళ్లు ఓటమి ఎరగని ఛాంపియన్, అల్మారాలో 12 రోజులకే ఒరిగిపోయాడా. ఆటలో వాణ్ణి ఓడించిన హీరో లియు కాంగ్ అనవసరంగా అంత కష్టపడ్డాడు.

#3 స్కేల్_శాస్త్రి
ముందు సైజు సంగతి తేల్చేద్దాం. పాత్ర వివరాల్లో గోరో ఎత్తు 8 అడుగుల 2 అంగుళాలు, అంటే 249 సెం.మీ. దాన్ని 12తో భాగిస్తే 20.7. మీది 20.5. మోకాళ్లు కాస్త వంచి నిలబెట్టి ఉంటే ఆ 2 మి.మీ. తేడా కూడా ఉండదు. స్కేల్ విషయంలో వేలెత్తి చూపడానికి లేదు.

#4 ఆఖరిబాస్
కాగితం మీద లెక్క సరే. మిగతా ఫిగర్ల పక్కన పెడితే వాడు రాక్షసుడిలా కాదు, జిమ్ముకెళ్లే బాబాయిలా కనిపిస్తాడు. ఆటలో తెరమీదకి వచ్చినప్పుడు ఎదుటివాడి తల వాడి ఛాతీ దగ్గర ఆగుతుంది. నాకైతే 23 సెం.మీ. ఉండాల్సిందే.

#5 స్కేల్_శాస్త్రి
అది గోరో తప్పు కాదు, పక్కన నిలబడ్డవాళ్ల తప్పు. 1/12 అని అమ్మే మనిషి ఫిగర్లలో చాలా వరకు 16.5 సెం.మీ. ఉంటాయి. 6 అడుగుల మనిషి 183 సెం.మీ., దాన్ని 16.5తో భాగించి చూడండి, 1/11 వస్తుంది. వాళ్లకి జోడీగా నిలబడాలంటే గోరో 22.4 ఉండాలి. అందుకే ఒక్క ఫిగర్ ఎత్తు కొలిచి స్కేల్ బాగుందనో బాలేదనో అనకూడదు. పక్కన పెట్టబోయే రెండు ఫిగర్లని కూడా కొలిచి, అదే నిష్పత్తిలో రావాల్సిన ఎత్తెంతో లెక్కేసుకోవాలి.

ఇంకోటి: ఎత్తు నెత్తి దాకా కాకుండా కంటి దాకా కొలిస్తే జుట్టు, కొమ్ములు, కిరీటాల గోల ఉండదు. విలన్ బొమ్మల్లో ఆ మూడూ లేనివి ఎన్ని?

#6 కీలుబొమ్మ
ఎత్తు గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం గానీ, పెద్ద ఫిగర్ బతికేదీ చచ్చేదీ కీళ్ల దగ్గర. లెక్క ఇదీ:

6 అడుగుల మనిషికి సరిగ్గా 1/12 అయిన 15.2 సెం.మీ. ఫిగర్‌ని అదే ఆకారంలో 20.7కి పెంచితే ఎత్తు 1.36 రెట్లు. ఘనపరిమాణం 1.36 ఘనం, అంటే రెండున్నర రెట్లు. ప్లాస్టిక్ ఒకటే కాబట్టి బరువూ అంతే పెరుగుతుంది. పైగా చెయ్యి పొడవు కూడా 1.36 రెట్లయింది కదా, చాచిన చెయ్యి భుజం మీద వేసే తిప్పుడు బలం 2.5 × 1.36, అంటే దాదాపు 3.4 రెట్లు. కీలు పట్టు మాత్రం అదే బిగువుతో చేస్తే రెండున్నర రెట్లే పెరుగుతుంది. ఎంత పెంచితే ఆ తేడా అంత ముదురుతుంది. రెండింతల సైజుకి బరువు వేసే బలం 16 రెట్లు, పట్టు 8 రెట్లు. సగానికి సగం లోటు.

చిన్న ఫిగర్‌లో రాపిడి కీలు బాగా పనిచేసి, అదే డిజైన్ పెద్దదానికి పెట్టగానే చతికిలబడేది ఇందుకే. పెద్దదానికి పళ్లున్న రాచెట్ పెట్టాలి. గోరోలో పై భుజాలకి పెట్టి కింది భుజాలకి వదిలేశారంటే, ఛాతీ లోపల నాలుగు రాచెట్లకి చోటు చాల్లేదన్నమాట. పీసు చెడ్డదై కాదు, డిజైనే అంత. మార్చి ఇంకోటి తెప్పించినా ఆ చెయ్యి వాలుతుంది.

#7 మూడో_రౌండ్
పెరుగుట విరుగుట కొరకే అని ఊరికే అన్నారా.

#8 ఆఖరిబాస్
540 గ్రాములు మాత్రం మెచ్చుకోవాలి. చేతిలో పట్టుకుంటే ఏదో పట్టుకున్నట్టు ఉంటుంది. బోలు బొమ్మలంటే నాకు ఒళ్లుమంట, పైన పటారం లోన లొటారం.

#9 కీలుబొమ్మ
@ఆఖరిబాస్ సరిగ్గా తిరగేసి చెప్పారు. మామూలు 1/12 ఫిగర్ 120 గ్రా. అనుకుంటే దానికి రెండున్నర రెట్లు 300. రెండు అదనపు చేతులు, ఆ ఛాతీ వెడల్పు కలిపితే 400 దాకా న్యాయం. మిగతా 140 ఎక్కడుందో చూడాలి. తొడల్లో, పిక్కల్లో ఉంటే మంచిదే, బరువు కిందికి దిగి నిలకడ వస్తుంది. భుజాల్లో, మెడలో ఉంటే అది చీలమండలకి శిక్ష. పెద్ద ఫిగర్‌కి బోలు ఏబీఎస్ (గట్టి ప్లాస్టిక్) ఛాతీ, నిండు కాళ్లు ఉండటం డబ్బు మిగుల్చుకునే పిసినారితనం కాదు, పనితనం.

గోటితో కొట్టి చూస్తే తెలుస్తుంది. ఏబీఎస్ డొల్ల టక్ టక్ అని మోగుతుంది. నిండు పీవీసీ (మెత్తటి ప్లాస్టిక్) మొద్దుగా డుబ్ అంటుంది. రెండు వేళ్లతో నొక్కితే పీవీసీ కొంచెం లోపలికి పోతుంది, ఏబీఎస్ కదలదు.

#10 అల్మారా_అధిపతి
కొట్టి చూశా. ఛాతీ, వీపు టక్ టక్. తొడలు, పై చేతుల కండలు మొద్దు శబ్దం. పిక్కలు నొక్కితే కొంచెం లొంగుతున్నాయి.

#11 వేడినీళ్లు
పిక్కలు లొంగుతున్నాయంటే అసలు సంగతి అక్కడుంది. ఒరగడానికి కారణాలు మూడు, మూడింటికీ మందు వేరు వేరు. కలిపేస్తే బొమ్మ పాడవుతుంది.

ఒకటి, కీలు జారడం. చీలమండలో బంతి నెమ్మదిగా తిరుగుతుంది. ప్లాస్టిక్ వంగలేదు, కోణం మారింది అంతే.

రెండు, ప్లాస్టిక్ సాగడం. మెత్తని పీవీసీ మీద నెలల తరబడి ఒకే వైపు బరువు పడితే అది ఆ వైపుకి వంగి అలాగే ఉండిపోతుంది. వేసవిలో ఇంకా వేగం. కీలు గట్టిగానే ఉంటుంది, పిక్క ఎముకే వంకర.

మూడు, పాదం అడుగు చదునుగా లేకపోవడం. అచ్చులోంచి వేడి మీద తీసేసి ట్రేలో కుక్కితే పాదం మెలి తిరుగుతుంది. కీలూ పిక్కా రెండూ బాగున్నా బొమ్మ ఒరుగుతుంది.

కనిపెట్టేదిలా. పాదం ఊడదీసి అద్దం మీద పెట్టండి. నాలుగు మూలలా వేలితో నొక్కితే టకటకలాడిందా, మూడోది. లేకపోతే పిక్క పక్కన స్టీలు స్కేలు ఆనించండి, రెండు పిక్కల మధ్య తేడా ఉంటే రెండోది. రెండూ కాకపోతే కీలు మీద సన్నటి మాస్కింగ్ టేపు అతికించి, కీలు గీత మీదుగా పెన్సిలుతో ఒక నిలువు గీత గీసి, 24 గంటలు నిలబెట్టండి. గీత రెండు ముక్కలై పక్కకి జరిగిందా, మొదటిది.

ఎలాగూ నీ దగ్గర 6 రోజులున్నాయి. ఈ రాత్రే మొదలెట్టు.

#12 దుమ్ముదులుపు
మీరంతా కాళ్ల దగ్గరే ఉన్నారు. అసలు ప్రమాదం #1లోని కదలని కండ కీలు. దాన్ని బలంగా తిప్పావో, లోపలి పెగ్ (కీలుని కలిపే పుల్ల) మెలితిరిగి పుటుక్కుమంటుంది. ఇక గడువున్నా నీ చేతిలో విరిగిందనే అంటారు. ముట్టుకోకముందే అన్ని వైపుల నుంచీ ఫొటో, కదలని తీరు వీడియో తీసి పెట్టుకో.

#13 ఆఖరిబాస్
ఫ్రీజర్‌లో పావుగంట పెట్టండి, ప్లాస్టిక్ ముడుచుకుని కీలు వదులవుతుంది. చాలామంది చేసేదే.

#14 వేడినీళ్లు
చాలామంది విరగ్గొట్టేదీ అలాగే. చల్లబడితే పెగ్, అది దూరే సాకెట్ రెండూ ముడుచుకుంటాయి, కలిసొచ్చేది వెంట్రుకవాసి. పోయేది మాత్రం ప్లాస్టిక్‌లోని సాగే గుణం. చల్లటి పెగ్ మెలితిరగదు, నేరుగా విరుగుతుంది. ఫ్రీజర్ పద్ధతి ఒకందుకు పనికొస్తుంది: రంగు అతుక్కుని ఉంటే ఆ పొర పెళుసై పగులుతుంది. అప్పుడు కూడా బయటికి తీసి గది వేడికి వచ్చాకే తిప్పాలి.

నా వరుస: హెయిర్ డ్రయ్యర్ 15 సెం.మీ. దూరం నుంచి 30 సెకన్లు, ఊపుతూ. పెగ్ కన్నా బయటి సాకెట్ ముందు వేడెక్కి మెత్తబడాలి, అదీ కిటుకు. తర్వాత కీలుకి రెండు వైపులా దగ్గరగా పట్టుకుని ముందుకీ వెనక్కీ వెంట్రుకవాసి ఊపు. చేతి చివర పట్టుకుని తిప్పొద్దు, మీటలా పనిచేసి బలమంతా పెగ్ మీద పడుతుంది. కదలకపోతే మళ్లీ 30 సెకన్లు. నాలుగైదు సార్లు పడుతుంది. ఎక్కడైనా ప్లాస్టిక్ తెల్లబడితే అక్కడితో ఆపెయ్. అది విరగబోతున్న గుర్తు.

#15 ఆఖరిబాస్
సరే, ఒప్పుకున్నా. నూనె?

#16 వేడినీళ్లు
సిలికాన్ నూనె, పుల్ల చివర ఒక్క చుక్క. తలుపు బందులకి కొట్టే పెట్రోలియం స్ప్రేలు ఏబీఎస్ దగ్గరకి రానివ్వొద్దు. బిగువు మీద ఉన్న ఏబీఎస్‌కి అవి తగిలితే సన్నటి బీటలు వస్తాయి. ఈరోజు కదులుతుంది, నెల తర్వాత చెయ్యి చేతికొస్తుంది.

#17 మూడో_రౌండ్
నాలుగున్నాయి కదా, ఒకటి పోతే ఏం?

#18 పాతపిక్సెల్
అందరూ ఇంజినీర్లే, బొమ్మ గోరోలా ఉందా లేదా అని అడిగినవాడు లేడు.

చూడాల్సినవి: చేతికి మూడే వేళ్లు, బొటనవేలితో కలిపి. పాదానికి రెండే. ఐదు జతల విడి చేతుల్లో అన్నీ మూడు వేళ్లవేనా? నెత్తిన సిగ తప్ప మిగతా తల నున్నగా ఉండాలి. కళ్లు ఎర్రగా, కనుపాప లేకుండా మెరవాలి. కింది చేతులు పై చేతుల్లా అంతే లావుగా ఉన్నాయా, లేక బక్కగా తీసి తగిలించారా? చాలా చోట్ల బొమ్మ తేలిపోయేది ఇక్కడే. చంక కింద ఇంకో చంక ఉన్నట్టు కండరాలు కలవాలి. మామూలు మనిషి ఛాతీకి పక్కటెముకల మీద రెండు చేతులు గుచ్చినట్టు ఉంటే అది గోరో కాదు, దిష్టిబొమ్మ.

ఇంకో తమాషా. 1992 నాటి ఆటలో మిగతా పోరాటగాళ్లంతా వేషాలేసిన నటుల వీడియో నుంచి వచ్చినవాళ్లు. గోరో ఒక్కడే బొమ్మ. కర్ట్ కియావెరీని అనే శిల్పి మలిచిన గోరోని ఫ్రేము ఫ్రేముకీ కదిలిస్తూ చిత్రించారు. అంటే మనం కొనేది బొమ్మకి బొమ్మ. అందుకే మరీ నిజం మనిషిలా చర్మరంధ్రాలు, నరాలు చెక్కిన తల కన్నా, కొంచెం మొరటుగా, మట్టి పిసికినట్టున్న తలే ఆ ఆట గోరోకి దగ్గరగా ఉంటుంది.

#19 ఆఖరిబాస్
@పాతపిక్సెల్ ఇది మాత్రం ఒప్పుకోను. కొత్త ఆటల గోరో రూపం కావాలనుకునేవాడికి ఆ మొరటు తల చౌకగా కనిపిస్తుంది. ఏ ఆట రూపమో పెట్టె మీద చూసి, దాంతోనే పోల్చాలి.

#20 పాతపిక్సెల్
అది న్యాయమే. రెండు తలలున్నాయంటే ఒకటి మూసిన నోరు, ఒకటి అరుపు అయ్యుంటుంది. అరుపు తల పళ్ల మధ్య ఎర్ర రంగు పళ్ల మీదకి పాకిందేమో ఫోన్ లైటు పక్క నుంచి వేసి చూడు.

#21 రంగులడబ్బా
రంగు గురించి నేను. #1లోని బంగారు మరక చిన్న విషయం, మొదట చూడాల్సింది చర్మం రంగు. గోరో ఒంటి మీద బట్ట తక్కువ, చర్మమే ఎక్కువ. ఛాతీ ఏబీఎస్, కండలు పీవీసీ అని #10లో తేలింది. రెండు ప్లాస్టిక్‌లకీ ఒకే రంగు కలిపినా ఒకేలా కనిపించవు, పీవీసీలోంచి కొంచెం వెలుగు లోపలికి దిగి మైనంలా అవుతుంది. అందుకే మంచి ఫిగర్లలో రెండింటి మీదా పైనుంచి రంగు కొడతారు. మీది అలా కొట్టారో లేదో తెలియాలంటే మోచేయి పూర్తిగా మడిచి లోపలి మడత చూడండి. లోపల ఒక రంగు, బయట ఒక రంగు ఉంటే పైరంగు ఉంది. అంతా ఒకటే అయితే అది ఉత్త ప్లాస్టిక్.

పగటి వెలుతురులో చూడాలి. పసుపు బల్బు కింద అన్ని చర్మాలూ ఒకటే.

పైరంగు ఉన్నదానికి ఇంకో రోగం ఉంది, ఒరుసుకోవడం. గోరోలో పై చేతి అడుగు భాగం, కింది భుజం గుండ్రం ఎప్పుడూ రాసుకుంటాయి. కొన్నాళ్లకి అక్కడ బట్టతల పడుతుంది. పై చేతులు పక్కకి ఎత్తాకే కింది చేతులు కదపండి. దించేటప్పుడు ముందు కింది చేతులు.

బంగారు మరక: టూత్‌పిక్ చివర చిదిమి, ఏమీ అద్దకుండా మెల్లగా గీకండి. చాలా వరకు పొరలా లేచిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడితే దాంతోపాటు చర్మం రంగూ లేస్తుంది. అసిటోన్ అయితే ఏబీఎస్సే కరిగిపోతుంది, గోళ్ల రంగు తీసే చాలా ద్రవాల్లో ఉండేది అదే.

#22 దుమ్ముదులుపు
వెనక్కి పంపేలా ఉంటే గీకొద్దు మహానుభావా. ముందు నిర్ణయం, తర్వాత మరమ్మతు.

#23 రంగులడబ్బా
అదీ నిజమే.

#24 అల్మారా_అధిపతి
ఒక రోజు ఫలితాలు. పాదాలు రెండూ అద్దం మీద చదునుగా ఉన్నాయి. కుడి పిక్క తిన్నగా ఉంది. ఎడమ పిక్క స్కేలుకి మధ్యలో ఒక సన్న కాగితం దూరేంత సందు. ఎడమ చీలమండ పెన్సిలు గీత 1 మి.మీ. పైనే జరిగింది. కుడిది చెక్కుచెదరలేదు. కండ కీలు డ్రయ్యర్ మూడోసారికి కదిలింది! లోపల చర్మం రంగు ముద్దలా అతుక్కుని ఉంది. తెల్లబడలేదు.

మోచేయి మడతలో వేరే రంగు ఉంది, అంటే పైరంగు కొట్టారు. విడి చేతులన్నీ మూడు వేళ్లే.

#25 వేడినీళ్లు
కాగితమంత సందు అచ్చు తేడా కూడా కావచ్చు. దాన్ని పట్టించుకోకు. దోషి ఎడమ చీలమండే.

#26 కీలుబొమ్మ
ఒక చీలమండ నిలిచి ఒకటి జారిందంటే ఇది డిజైన్ లోపం కాదు, ఆ ఒక్క సాకెట్ వదులు. #6లో నేను చెప్పింది కింది భుజాల గురించి, చీలమండకి అది వర్తించదు. కుడిది అదే బరువు మోస్తోంది కదా.

ఇప్పుడు నిలకడ కూడా ఒకసారి కొలువు. 30 సెం.మీ. అట్టముక్క మీద బొమ్మని నిలబెట్టి, అట్ట ఒక అంచుని మెల్లగా ఎత్తుతూ పో. ఎన్ని సెంటీమీటర్ల దగ్గర బొమ్మ పడిపోతుందో చూడు, కింద మెత్తటి తువ్వాలు పరిచి. 5 సెం.మీ. దాకా నిలిస్తే దాదాపు 10 డిగ్రీలు, బల్లకి కాలు తగిలినా పడదు. 3 దగ్గరే పడితే 6 డిగ్రీల లోపు, స్టాండ్ తప్పదు. ముందుకి, వెనక్కి, పక్కకి విడివిడిగా. గోరోకి పై చేతులు ఎత్తినప్పుడూ దించినప్పుడూ తేడా బాగా వస్తుంది, బరువు మధ్యబిందువు పైకి లేస్తుంది కాబట్టి.

#27 మూడో_రౌండ్
ఈ విషయంలో మారియో ఆటల విలన్ బౌజర్ అదృష్టవంతుడు. తోక మూడో కాలు. వీపు మీద డిప్ప బోలుగా చేసి తోక నేలకి ఆనిస్తే పిడుగు పడ్డా కదలడు.

#28 స్కేల్_శాస్త్రి
ఫైనల్ ఫాంటసీ విలన్ సెఫిరోత్ దురదృష్టవంతుడు. ఆ మసమునే కత్తి ఆయన కన్నా పొడుగు. సన్నటి పీవీసీ కత్తి వంగుతుంది, గట్టిది పెడితే మణికట్టు పెగ్ వాలుతుంది. ఏం చేసినా నష్టమే. కత్తి మొన నేలకి ఆనించే పోజ్ ఒక్కటే శరణ్యం. సైలెంట్ హిల్ ఆటలోని పిరమిడ్ హెడ్ కూడా అంతే, ఆ పెద్ద కత్తిని ఈడ్చుకుంటూ నడవడం ఆటలో భయం కోసం, ఫిగర్‌లో మణికట్టు కోసం.

#29 ఆఖరిబాస్
ఇంత బాధెందుకు, కీళ్లు లేని రెజిన్ విగ్రహం కొనుక్కుంటే పోలా? వాలదు, జారదు, ఒరగదు.

#30 కీలుబొమ్మ
కింద పడితే అతుకు వెయ్యడానికి ముక్కలు దొరకవు. గోరో వేళ్లు మూడే గానీ, నాలుగు చేతులు కలిపి పన్నెండు. రెజిన్‌లో మొదట పోయేవి అవే.

#31 అల్మారా_అధిపతి
అట్ట పరీక్ష: చేతులు దించి ముందుకి 4.5, వెనక్కి 5.5, పక్కకి 7 దాటింది. పై చేతులు రెండూ ఎత్తితే ముందుకి 3. పడినప్పుడు తువ్వాలు ఆదుకుంది.

కాబట్టి ఉంచుకోవడమే మేలనిపిస్తోంది. చీలమండ బిగించేదెలా? సూపర్ గ్లూ పెడతారని విన్నా.

#32 వేడినీళ్లు
పెట్టొచ్చు, ఎండేదాకా కీలు ఆపకుండా తిప్పుతూ ఉండాలి. 540 గ్రాముల బొమ్మ చీలమండ అతుక్కుపోతే ఇక నిలబెట్టలేవు. దాని ఆవిరికి చుట్టూ తెల్ల పొర కూడా వస్తుంది. ముదురు రంగు మీద బాగా కనిపిస్తుంది. రాచెట్ కీళ్లలోకి మాత్రం ఏ జిగురూ, ఏ ద్రవమూ వెళ్లకూడదు, పళ్ల మధ్య గట్టిపడితే ఆ కీలు అంతే సంగతులు.

ముందు బంతిని చూడు. పాదం ఊడదియ్యి. బంతి నున్నగా, మైనం పూసినట్టు జారుతూ, రంగు వెయ్యకుండా ఉంటే అది పాలీఎసిటాల్ అనే జారుడు ప్లాస్టిక్. దానికి ఏ జిగురూ, ఏ పాలిషూ పట్టదు, పొరలా ఊడొస్తుంది. అప్పుడు ప్లంబర్లు కుళాయి మరలకి చుట్టే తెల్ల టేపు ఒక్క చుట్టు, బంతి మీద లాగి చుట్టి, మిగిలింది కత్తిరించి పాదం నొక్కెయ్. చాలకపోతే రెండో చుట్టు. మూడు దాటితే సాకెట్ పగులుతుంది.

బంతి ఏబీఎస్ అయితే నేలకి కొట్టే నీటి ఆధారిత యాక్రిలిక్ పాలిష్ సన్నటి కుంచెతో ఒక పూత. 24 గంటలు ఆరనిచ్చి చూసి, కావాలంటే రెండో పూత. ఆరకముందు పాదం తగిలిస్తే జిగురు పెట్టినట్టే.

#33 కీలుబొమ్మ
పాదం ఊడదీసేటప్పుడు తిన్నగా లాగు, పక్కకి వంచకు. వేడి చెయ్యాలంటే పాదం వరకే 70 డిగ్రీల నీళ్లలో రెండు నిమిషాలు, మరిగే నీళ్లు వద్దు. మోకాలు, తుంటి నీళ్లలో మునగనివ్వకు. రాచెట్ల లోపల చిన్న స్ప్రింగ్, మర ఉంటే తుప్పు పడతాయి.

#34 దుమ్ముదులుపు
స్టాండ్ వాడితే ఒక జాగ్రత్త. పారదర్శక పాలీస్టైరీన్ ప్లాస్టిక్ కొక్కెం పీవీసీ నడుముకి నెలల తరబడి ఆని ఉంటే, పీవీసీని మెత్తగా ఉంచే ద్రవం బయటికి ఊరి కొక్కేన్ని కరిగిస్తుంది, రెండూ అతుక్కుంటాయి. మధ్యలో బేకింగ్ కాగితం ముక్క పెట్టు. పెట్టెలో మూసి ఉంచినా అదే ద్రవం ఊరి జిగటవుతుంది. గిన్నెలు తోమే సబ్బు గోరువెచ్చటి నీళ్లలో కలిపి, బట్ట ముంచి గట్టిగా పిండి తుడిస్తే పోతుంది. కీళ్లలోకి నీళ్లు పోనివ్వకు.

#35 అల్మారా_అధిపతి
బంతి తెల్లగా, మైనంలా ఉంది. టేపు ఒక చుట్టు చాల్లేదు, రెండు చుట్లకి సరిపోయింది. కొత్త పెన్సిలు గీత గీశా.

కింది కుడి భుజం కూడా ఊడదియ్యనా?

#36 కీలుబొమ్మ
వద్దు. ఛాతీ విప్పకుండా ఆ బంతి బయటికి రాదు, ఛాతీ జిగురుతో మూసి ఉంటుంది. చెయ్యి చాచకుండా మోచేయి 90 డిగ్రీలు మడిచి పిడికిలి పొట్ట దగ్గరకి తెస్తే, బరువు దగ్గరకొచ్చి భుజం మీద పడే తిప్పుడు బలం సగానికి తగ్గుతుంది. ఆ పోజ్‌లో నిలుస్తుంది. బరువైన విడి చెయ్యి తగిలించాలంటే పై చేతులకే.

#37 పాతపిక్సెల్
పిడికిళ్లు పొట్ట దగ్గర, పై చేతులు ఎత్తి. ఆటలో నిలబడేదీ దాదాపు అలాగే.

#38 కీలుబొమ్మ
పై చేతులు ఎత్తితే ముందుకి 3 అని చెప్పాడు కదా. రెండూ కాదు, ఒక్కటే ఎత్తాలి.

#39 అల్మారా_అధిపతి
48 గంటలైంది. గీత కదల్లేదు. ఒక్క చెయ్యి ఎత్తితే ముందుకి 4. వెనక్కి పంపడం లేదు, రేపు టూత్‌పిక్ పట్టుకుంటా.